52 పెట్టుకుని 38 దగ్గర ఆగిపోయినవాళ్లకి

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట అడిగా కదా, ఈ ఏడాది ఏం చదివారు, ఎన్ని అనుకున్నారు, ఎన్ని అయ్యాయి రాసి పంపండి అని. బెంగళూరు నుంచే ఎక్కువ వచ్చాయి. మెయిల్సూ, వాట్సాప్ మెసేజులూ, ఒకాయనైతే ఏకంగా ఎక్సెల్ షీటే పంపారు, అందులో పుస్తకం పేరు, పేజీలు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, స్టార్లు అన్నీ ఉన్నాయి గానీ పుస్తకం ఎలా ఉందో ఒక్క ముక్క లేదు! చోటు తక్కువ కాబట్టి ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసా. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువమంది, అందుకని అందరివీ ఏరియా పేర్లతోనే వేస్తున్నా.

ప్రశ్న: అక్కా, జనవరిలో అందరూ పెట్టుకుంటున్నారని నేనూ చదివిన పుస్తకాల లెక్క చూసుకునే గుడ్‌రీడ్స్ యాప్‌లో ఏడాదికి 52 పుస్తకాలని టార్గెట్ పెట్టేసా, వారానికొకటే కదా అనుకున్నా. ఇప్పుడు 38 దగ్గరున్నా. యాప్ తెరిస్తే చాలు, ఇన్ని పుస్తకాలు వెనకబడి ఉన్నావ్ అని చూపిస్తోంది. అక్టోబర్ నుంచి సన్నగా ఉన్నవి వెతుక్కుని మరీ చదువుతున్నా, వాటిలో సగం ఏంటో ఇప్పుడడిగితే చెప్పలేను. వచ్చే ఏడాది నంబర్ తగ్గించుకుంటే ఓడిపోయినట్టేనా?
వైట్‌ఫీల్డ్

జవాబు: 38 పుస్తకాలు చదివి ఏడుస్తున్న పిల్లవి నువ్వు, మూడు చదివి ఫోటోలు పెట్టుకున్నవాళ్లు హాయిగా నిద్రపోతున్నారు, చూసుకో మరి.

ముందు లెక్క చూద్దాం. సగటున 250 పేజీల పుస్తకం అనుకుంటే 52 పుస్తకాలంటే 13,000 పేజీలు, అంటే రోజుకి దాదాపు 36. తెలుగులో గంటకి పాతికా ముప్ఫై పేజీలు చదివే మనిషికి అది గంటంబావు నుంచి గంటన్నర పని, రోజూ. ఆఫీసులో రిలీజ్ ఉన్న వారమైనా, సంక్రాంతికి ఊరెళ్లినా, జ్వరమొచ్చి పడుకున్నా. ఒక్క వారం తప్పితే తర్వాతి వారం రోజుకి 72 పేజీలు. అదే 12 పెట్టుకున్నావనుకో, 3,000 పేజీలు, రోజుకి ఎనిమిది, అన్నం తిన్నాక ఓ పావుగంటా ఇరవై నిమిషాలు కూర్చుంటే అయిపోతుంది. ఈ రెండిటి మధ్యలో నీకు ఏది కుదురుతుందో జనవరి ఒకటో తారీఖు హుషారులో కాకుండా మామూలు మంగళవారం రాత్రి పదింటికి ఆలోచించుకుని పెట్టుకోవాలి.

అయితే నాకు 52 మీద ఉన్న అసలు కోపం టైమ్ గురించి కాదు. పుస్తకాల సంఖ్య లెక్కపెట్టే పద్ధతిలో అరవై పేజీల పుస్తకానికీ ఒక్కటే మార్కు, వేయి పేజీల దానికీ ఒక్కటే మార్కు. విశ్వనాథ వారి వేయిపడగలు ఉంది, ఎడిషన్ని బట్టి అటూఇటూగా వెయ్యి పేజీలు, ఆయన 29 రోజుల్లో ఆశువుగా చెప్పుకుంటూ పోతే తమ్ముడు రాశారని చెప్తారు, మనకి చదవడానికే మూడు నెలలు పడుతుంది. వారానికొకటి అని పరిగెత్తేవాళ్లు ఎవరైనా దాన్ని ముట్టుకుంటారా? ముట్టుకోరు. ఉన్నవ వారి మాలపల్లి ముట్టుకోరు, అది 1922లో వచ్చింది, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా, అంత చరిత్ర ఉన్న నవల లావుగా ఉందన్న పాపానికి షెల్ఫులో ఉండిపోతుంది. ఐదేళ్లు వరసగా 52 కొట్టి ఒక్క పెద్ద నవల కూడా చదవని మనుషులు నాకు తెలుసు, మంచివాళ్లే, కానీ వాళ్ల చదువంతా ఆ నంబర్ ఎటు తోస్తే అటే పోయింది.

కాబట్టి నా సలహా, నంబర్ తగ్గించు, అందులో ఒక్క లావు పుస్తకం ఖాయంగా పెట్టు. 15 అనుకో, 14 మామూలువి, ఒకటి ఏడాదంతా మంచం పక్కనే ఉండేది. యాప్ కావాల్సిందే అంటావా, స్టోరీగ్రాఫ్ అని ఇంకోటుంది, అందులో పుస్తకాల సంఖ్య బదులు పేజీలు గానీ గంటలు గానీ టార్గెట్‌గా పెట్టుకోవచ్చు, అప్పుడు లావు పుస్తకం నీకు శత్రువు కాదు. గుడ్‌రీడ్స్‌లోనే ఉంటానంటే అక్కడ నంబర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, డిసెంబర్‌లో కూడా. ఇవ్వాళే 52 తీసేసి 40 చేసుకో, ఎవరూ అడగరు. మిగిలిన రెండు పుస్తకాలు నీకు నిజంగా చదవాలని ఉన్నవి చదువు.

ఇంకొకటి, వైట్‌ఫీల్డ్ అన్నావు కాబట్టి. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబర్ నుంచి కాడుగోడి దాకా పూర్తిగా నడుస్తోంది కదా, ఎక్కే స్టేషన్ చివరిది కాబట్టి నీకు సీటు దొరుకుతుంది, కేఆర్ పురం వచ్చేసరికి ఎదురుగా నిలబడ్డవాళ్ల బ్యాగులు పేజీ మీదకి వస్తాయి, అప్పుడు పెద్ద నవల సాగదు. దానికి అమరావతి కథలు లాంటివి పెట్టుకో. సత్యం శంకరమంచి గారివి, నూరు కథలు, ఆంధ్రజ్యోతి వీక్లీలో వారం వారం వచ్చినవి, బాపు బొమ్మలతో. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలే. హూడీలో మొదలుపెడితే కేఆర్ పురం రాకముందే అయిపోతుంది, ఇందిరానగర్ దాకా ఆ కథ గురించే ఆలోచిస్తూ కూర్చోవచ్చు, వెంటనే ఇంకోటి చదవకు, అవి వరసపెట్టి చదివే కథలు కావు.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం దగ్గర పల్లె. ఎలక్ట్రానిక్ సిటీలో పని చేస్తాండా. సిన్నప్పుట్నుంచి టెక్స్ట్ బుక్కులు తప్ప ఏమీ సదివింది ల్యా. రూమ్మేటు రోజూ ఏదో ఒకటి సదువుతాంటాడు, అది జూసి నాకూ ఆశయితాంది. ఏడాదికి ఎన్ని పెట్టుకోవల్ల, యాడ మొదలుపెట్టల్ల? పెద్ద పెద్ద మాటలుండేటివి ఒద్దు.
ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి నవ్వుకున్నా, నువ్వు రాసిన ఈ భాషలోనే పుస్తకాలున్నాయి, అక్కడే మొదలుపెట్టు. ఎన్ని అంటే, మొదటి ఏడాది ఆరు. రెండు నెలలకొకటి. ఆరు తక్కువేం కాదు, అసలు చదవని మనిషికి సున్నా నుంచి ఒకటికి రావడమే కష్టం, ఒకటి నుంచి ఆరుకి దానంతటదే వస్తుంది.

కథలతో మొదలుపెట్టు, నవలలతో కాదు. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు, 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన సంపుటం, కడప జిల్లా పల్లెలు, కరువు, చేన్లు, ఊళ్లో రాజకీయం, అన్నీ నీకు తెలిసిన సంగతులే, ఇలా కూడా రాయొచ్చా అనిపిస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి కథలు చదువు, చిత్తూరు యాస, పల్లెలో అమ్మ మాట్లాడినట్టే ఉంటుంది, బస్సులో చదవకు, పైకే నవ్వేస్తావు. ఇవి రెండూ నచ్చితే మూడోది బండి నారాయణస్వామి గారి శప్తభూమి, అది నవల, మీ అనంతపురం హండే రాజుల కాలం కథ, 2019లో అకాడమీ అవార్డు దానికే. మీ ఊరు పక్కనున్న కొండలూ చెరువులూ రెండొందల ఏళ్ల కిందట ఎట్లుండేవో చదువుతుంటే సెలవుకి ఇంటికెళ్లినప్పుడు వాటిని చూసే చూపే మారిపోతుంది.

మీ ఏరియాకి 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చేసింది కదా, ఆర్‌వీ రోడ్డు వైపు వెళ్లేటప్పుడు ఫోన్ బ్యాగులో వేసి పుస్తకం చేతిలో పెట్టుకో. అర్థం కాని మాటొస్తే ఆగకు, దాటుకుని పో. రూమ్మేటుని అడగడానికి సిగ్గుపడకు, చదివేవాడికి అడిగేవాళ్లు దొరికితే పండగే.

ప్రశ్న: మేడమ్, మా కాలేజీ బ్యాచ్ గ్రూప్‌లో ఈ మధ్య చదివినవి షేర్ చేసుకుందాం అని నేనే మొదలుపెట్టా. ఇప్పుడు నేనొక్కదాన్నే పెడుతున్నా. "ఇప్పుడే ముగించా, సూపర్, తప్పక చదవండి" అని కవర్ ఫోటోతో పెడితే ఒక్క బొటనవేలు కూడా రాదు, అదే ఎవరో బిర్యానీ ఫోటో పెడితే నలభై మెసేజులు. ఆపేయాలా?
బీటీఎం లేఅవుట్

జవాబు: ఆపకండి, రాసే తీరు మార్చండి. "సూపర్, తప్పక చదవండి" అన్నదానికి ఎవరైనా ఏం జవాబిస్తారు? సరే అనాలి, అంతే. బిర్యానీ కింద అన్ని మెసేజులు ఎందుకొచ్చాయంటే దాని మీద అందరికీ ఒక అభిప్రాయం ఉంది, బంగాళదుంప వేయొచ్చా, ఏ ఏరియాలో బాగుంటుంది, మసాలా ఎక్కువైందా, పోట్లాడుకోవడానికి బోలెడంత. పుస్తకం గురించి కూడా పోట్లాడుకునే ముక్క ఒకటి ఇవ్వాలి.

ఉదాహరణకి డాక్టర్ పి. శ్రీదేవి గారి నవల కాలాతీత వ్యక్తులు చదివారనుకోండి. తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చి 1958లో పుస్తకమైంది, దాని మీదే 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమా తీశారు, ఇంతవరకు వికీలో అందరికీ దొరుకుతుంది, ఇది పెడితే లాభం లేదు. నేనైతే ఇలా పెడతా: "ఇందిర అనే అమ్మాయిని మొదటి యాభై పేజీలు తిట్టుకుంటూ చదివా, ఏంటీ స్వార్థం అని. తర్వాత చూస్తే బాధ్యత లేని తండ్రిని నెత్తిన పెట్టుకుని ఉద్యోగం చేస్తున్నది ఆ పిల్లే, పక్కనున్న ప్రకాశం మంచివాడే గానీ ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకోలేడు. మీరు ఎవర్ని పెళ్లి చేసుకుంటారు, ఇందిరలాంటి మనిషినా, ప్రకాశంలాంటి మనిషినా?" అంతే. ఆ గ్రూప్‌లో పుస్తకం చదవనివాళ్లు కూడా దిగుతారు చూడండి, పెళ్లి అన్నాక ఆగుతారా.

ఇంకో సంగతి, నచ్చినవి మాత్రమే పెడితే మీ మాటకి విలువుండదు. నచ్చనిది, సగంలో ఆపేసింది, ఎక్కడ ఆపేశారో పేజీ నంబర్‌తో సహా పెట్టండి. "140వ పేజీలో ఆపేశా, నలుగురు అన్నదమ్ముల్లో ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోలేక" అని రాస్తే చదివినవాళ్లు వచ్చి 150 దాటాక బాగుంటుంది అని మిమ్మల్ని వెనక్కి లాగుతారు, లేదంటే మంచి పని చేశావ్ అంటారు. రెండూ లాభమే. నెలకి ఒకటి చాలు, రోజూ పెడితే గుడ్ మార్నింగ్ మెసేజ్ కింద జమకట్టేస్తారు.

ప్రశ్న: అమ్మా, నాకు 71. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నా పుస్తకాలు ఒక్క బీరువా, అవే తిప్పి తిప్పి చదువుతుంటాను. ఈ ఏడు మనవరాలు ఇంట్లో అందరి పేర్లతో చార్టు గీసి ఫ్రిజ్ మీద అంటించింది, పుస్తకం అయితే ఒక గీత. బారిష్టరు పార్వతీశం మూడు భాగాలూ మళ్లీ చదివి మూడు గీతలు గీశాను. కోడలు "మామయ్యగారూ, పాతవి మళ్లీ చదివితే లెక్కలోకి రావు, అయినా అది ఒక్క పుస్తకమే కదా" అంటోంది. తీర్పు చెప్పు తల్లీ.
జయనగర్

జవాబు: బాబాయ్ గారూ, మూడు గీతలూ చెల్లుతాయి. మొదటి భాగం 1924లో వచ్చింది, మిగతా రెండూ చాలా ఏళ్ల తర్వాత రాశారు మొక్కపాటి వారు. మొగల్తూరు నుంచి ఇంగ్లండు ప్రయాణం చదివి పడీపడీ నవ్వుకుని అక్కడితో ఆపేసేవాళ్లే నూటికి తొంభై మంది, మీరు మూడూ చదివారంటే మూడు గీతలు కాదు, మూడు చప్పట్లు కొట్టాలి. రీ-రీడ్ లెక్కలోకి రాదని ఎక్కడా రూల్ లేదు, ఇరవైలో చదివిన పార్వతీశం వేరు, 71లో చదివే పార్వతీశం వేరు.

అయినా కోడలుగారి మాటని పూర్తిగా తీసిపారేయలేను, ఆ బీరువా దాటి బయటికి రావట్లేదని ఆమె బాధ అయ్యుంటుంది. ఒక రాజీ మార్గం, పాతవాటికి ఎర్ర స్కెచ్ పెన్, కొత్తవాటికి ఆకుపచ్చ. ఏడాదికి నాలుగైనా ఆకుపచ్చ గీతలుండాలి, అవి ఏవన్నది మనవరాలు ఎంచుతుంది. బదులుగా ఆ పిల్లకి పార్వతీశం టోపీ కొనే ఘట్టం మీరు పైకి చదివి వినిపించాలి. దానికి మీ ఇద్దరికీ చెరో గీత.

ప్రశ్న: అక్కా, మా బాబు ఐదో క్లాసు. స్కూల్లో కన్నడం ఉంది, బాగానే చదువుతాడు, రాస్తాడు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు. ఈ ఏడాది ఇంటిల్లిపాదీ రీడింగ్ చాలెంజ్ పెట్టుకున్నాం, వాడు ఇంగ్లిష్‌వే చదువుతానంటున్నాడు. తెలుగు ఎలా ఎక్కించాలి? ట్యూషన్ పెట్టాలా?
సర్జాపూర్ రోడ్

జవాబు: ట్యూషన్ వద్దమ్మా, మీవాడికి సగం పైన వచ్చేసింది, వాడికి తెలీదు అంతే. తెలుగు లిపీ కన్నడ లిపీ కొన్ని వందల ఏళ్ల కిందటి దాకా ఒకటే, తర్వాత విడిపోయాయి. బెంగళూరులో ఉన్నందుకు మన పిల్లలకి దక్కిన లాభం ఇది, చెన్నైలో ముంబైలో ఉన్నవాళ్లకి లేదు. గ, జ, ద, ర, ల చూడగానే పోల్చేస్తాడు. తలకట్టు ఒక్కటి చెప్పాలి, కన్నడంలో అడ్డగీత గీసి చివర చిన్న కొక్కెం తిప్పుతారు, మనది టిక్కు మార్కు. క, త, శ దగ్గర తడబడతాడు, వాటిని ఒక కాగితం మీద రాసి చదివే బల్ల దగ్గర అంటించండి. ఏ, ఓ లాంటి దీర్ఘాలకి వాళ్లు అక్షరం పక్కన విడిగా గుర్తు పెడతారు, మనకి పైనే కలిసిపోతుంది, అది అలవాటవ్వడానికి కొంచెం టైమ్ పడుతుంది. అంతకుమించి పెద్ద తేడాల్లేవు.

ఇంక ఏం చదివించాలి అంటే, మన బెంగళూరు సంస్థే ప్రథమ్ బుక్స్, వాళ్ల స్టోరీవీవర్ అనే పిల్లల కథల సైటు 2015 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం. చాలా కథలు కన్నడంలోనూ ఉంటాయి తెలుగులోనూ ఉంటాయి, బొమ్మలు అవే. మొదట ఒకటో లెవెల్ కథ కన్నడంలో చదవమనండి, వెంటనే అదే కథ తెలుగులో తెరవండి. కథ ముందే తెలుసు, మాటలు ఇంట్లో వినేవే, లిపి పోలికలున్నదే, ఇంక ఎటు పోతాడు? ఐదో క్లాసు పిల్లాడికి ఒకటో లెవెల్ కథ అంటే నామోషీగా ఉంటుంది, చెల్లెలుంటే చెల్లెలికి చదివి పెట్టమనండి, లేకపోతే వీడియో కాల్‌లో అమ్మమ్మకి. చాలెంజ్‌లో ఒక్కో చిన్న కథనీ ఒకటిగా లెక్కేయండి, ఏడాదికి 60 పెట్టండి. వాళ్ల నాన్న 12 దగ్గర తంటాలు పడుతుంటే వీడు 60 కొట్టాడనుకోండి, ఇంక మీరు చెప్పాల్సిన పనే ఉండదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూప్‌లో రోజూ పీడీఎఫ్‌లు వస్తుంటాయి, నా ఫోన్లో నాలుగొందలు దాకా ఉన్నాయి. మొన్న ఎవరో ఇది దొంగతనం అన్నారు, పెద్ద గొడవైంది. పాత పుస్తకాలే కదా, దొంగతనం ఎలా అవుతుంది?
హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: కొన్ని అవుతాయి, కొన్ని కావు. మన దేశంలో రచయిత బతికుండగా వచ్చిన పుస్తకానికి ఆయన పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. గురజాడ వారు 1915లో పోయారు, ఎప్పుడో తీరిపోయింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958, శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారు 1961, గోపీచంద్ గారు 1962, వీళ్లందరివీ అయిపోయాయి, నిశ్చింతగా చదువుకోండి. విశ్వనాథ వారు 1976లో పోయారు, అంటే 2036 చివరి దాకా ఉంది, మీ ఫోన్లో వేయిపడగలు స్కానింగు ఉంటే అది పాతదే గానీ ఉచితం కాదు. ఇంక బతికున్న రచయితల పుస్తకాలు పెడుతుంటే మాత్రం ఆ గ్రూప్‌లో గొడవ పెట్టుకున్నాయన పక్షమే నేను కూడా. మనవాళ్లు చాలామంది ఐదొందలో వెయ్యో కాపీలు వేసుకుని అవి ఏళ్ల తరబడి అమ్ముకునేవాళ్లు, ఒక గ్రూప్‌లో రెండొందలమంది ఊరికే దించుకుంటే ఆ ఎడిషన్ ఇంక కదలదు.

కాపీరైట్ తీరినవి కావాలంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి బోలెడున్నాయి, పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పుల తడకగా ఉంటాయి కాబట్టి రెండు మూడు స్పెల్లింగులు కొట్టి వెతకాలి. కథలకైతే శ్రీకాకుళం కథానిలయం వాళ్ల సైటు చూడండి, కారా మాస్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావు గారు, 1997లో మొదలుపెట్టిన లైబ్రరీ అది, పాత పత్రికల్లో అచ్చయిన కథలు అచ్చయిన పేజీతో సహా కనిపిస్తాయి. ఆ పక్కనుండే సబ్బుల ప్రకటనలు కూడా చదువుతూ కూర్చుంటారు, నాదీ గ్యారంటీ.

అది సరే, నాలుగొందల్లో చదివినవెన్ని?

ప్రశ్న: ఆడియోలో వింటే చదివినట్టేనా? సగంలో వదిలేస్తే లెక్కలోకి వస్తుందా? (ఈ రెండూ కలిపి చాలామందే అడిగారు)

జవాబు: విన్నా చదివినట్టే. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గేరు మార్చుకుంటూ పుస్తకం చదవలేరు కదా. దాసుభాషితం యాప్‌లో తెలుగు పుస్తకాలున్నాయి, హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథలున్నాయి. స్పీడు రెట్టింపు చేసి మాత్రం వినకండి, తెలుగు వాక్యానికి చివర్లో క్రియ దగ్గరే ప్రాణం ఉంటుంది, స్పీడులో అదే వినపడకుండా పోతుంది. సగంలో వదిలేస్తే పాపమేం లేదు, లెక్కలోకి మాత్రం రాదు. పేజీల టార్గెట్ పెట్టుకున్నవాళ్లకి చదివిన పేజీలు వస్తాయి.

ప్రశ్న: శనివారం కబ్బన్ పార్కులో అందరూ కూర్చుని చదువుకుంటారట, వెళ్లాలని ఉంది. ఒక్కదాన్నే వెళ్లాలి, పైగా నేను చదివేది తెలుగు. అందరూ ఇంగ్లిష్ పుస్తకాలు పట్టుకుని ఉంటే నేను ఎబ్బెట్టుగా ఉంటానేమో.
కోరమంగళ

జవాబు: వెళ్లండి, మాట్లాడాల్సిన పనే లేని చోటు అది. కబ్బన్ రీడ్స్ అని 2023 జనవరిలో మొదలైంది, శనివారం పొద్దున్నే చాపలు, దుప్పట్లు వేసుకుని ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటారు. ఫీజు లేదు, పేరు రాయించుకోవడం లేదు, ఏం చదువుతున్నావని అడిగేవాళ్లు లేరు. నేను వెళ్లినప్పుడు చూసింది చెప్తా, చెట్టు కింద చాప మీద ఒకావిడ బోర్లా పడుకుని లావు తెలుగు పుస్తకం చదువుకుంటోంది, పక్కన స్టీలు డబ్బాలో ఉప్మా, మూత మీద చీమలు, ఆవిడకి పట్టలేదు. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఒకరు ముందుకెళ్లి, ఆగి, వెనక్కొచ్చి, వంగి కవరు మీద పేరు చదువుకుని, "మీది ఏ వూరమ్మా?" అన్నారు. ప్రొద్దుటూరు అంది. ఆయన అక్కడే గడ్డి మీద కూలబడ్డారు. తెలుగు పుస్తకం పట్టుకెళ్తే జరిగేది ఇదీ, ఎబ్బెట్టు కాదు, చుట్టరికం కలుస్తుంది.

చాప, మంచినీళ్లు, టోపీ తీసుకెళ్లండి, పదిన్నర దాటితే నీడ జరిగిపోతూ ఉంటుంది, చాప కూడా జరుపుకుంటూ పోవాలి. బోర్ కొడితే పార్కులోనే ఎర్ర భవనం ఉంది కదా, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, ఒకసారి లోపలికి తొంగి చూడండి.

ప్రశ్న: ఇవన్నీ సరే, బెంగళూరులో తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? చర్చ్ స్ట్రీట్ అంతా తిరిగాను, ఉత్త చేతులతో వచ్చాను.
మారతహళ్లి

జవాబు: చర్చ్ స్ట్రీట్‌కి తెలుగు కోసం వెళ్తే అంతే మరి, అది ఇంగ్లిష్ వాళ్ల తిరునాళ్లు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, 1952 నాటి సంస్థ, అక్కడ సాహిత్య సభలు జరిగినప్పుడు వెళ్తే ఇక్కడే ఉండి రాసే తెలుగు రచయితలు కనిపిస్తారు, పుస్తకం రచయిత చేతి నుంచే తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఒక్కోటి కాకుండా నలుగురు కలిసి ఆర్డర్ పెట్టండి, పోస్టేజీ కలిసొస్తుంది.

కానీ ఏడాదికి సరిపడా ఒకేసారి తెచ్చుకోవాలంటే ఊరి ప్రయాణం కలుపుకోవడమే. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబర్‌లో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో, సంక్రాంతికి ఎలాగూ వెళ్తారు, రెండ్రోజులు ముందు బయల్దేరండి. ఎగ్జిబిషన్ల టైముకి కుదరకపోతే కాచిగూడ రైలెక్కండి, మైసూరు నుంచి వచ్చే కాచిగూడ ఎక్స్‌ప్రెస్ అయినా సరే, యశ్వంతపూర్ వందేభారత్ అయినా సరే, స్టేషన్లో దిగి కాచిగూడ చౌరస్తాకి వెళ్తే నవోదయ బుక్ హౌస్. లిస్టు రాసుకుని వెళ్లండి, లేకపోతే మొదటి అరలోనే డబ్బులైపోతాయి. లిస్టులో ఒక లావుది, రెండు కథల సంపుటాలు, ఎవరికో ఇవ్వడానికి ఒకటి, ఖాళీగా రెండు గళ్లు, అక్కడికెళ్లాక కళ్లబడేవాటికి. వందేభారత్‌లో ఒక వైపు ఎనిమిది గంటల పైమాటే, వచ్చేటప్పుడు కొన్నవాటిలో ఒకటి ధర్మవరం వచ్చేసరికి అయిపోతుంది. అది మాత్రం ఈ ఏడాది లెక్కలో వేసుకోవాలా, వచ్చే ఏడాది లెక్కలోనా అని నాకు మళ్లీ ఉత్తరం రాయకండి.